నాలుగు గట్లూ కొలిస్తే చాలదు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పొలం బేరాల దగ్గర వినపడే పాత లెక్క ఒకటుంది. ఎదురెదురు గట్ల సగటు తీసి, పొడుగునీ వెడల్పునీ హెచ్చవేసి, వచ్చిన చదరపు గజాల్ని 48.4తో భాగిస్తే సెంట్లు. నాలుగు గట్లూ 70 గజాల చొప్పున ఉన్న చేను తీసుకోండి. 4,900 చదరపు గజాలు, అంటే ఎకరం మీద ఒక సెంటు. చేను చతురస్రమైతే పేచీ లేదు. అదే చేను పక్కకు ఒరిగి, ఒక మూల కోణం 60 డిగ్రీలకు తగ్గితే గట్ల పొడవు మారదు, లెక్కా మారదు. నేల మాత్రం 4,244 చదరపు గజాలకు పడిపోతుంది. 88 సెంట్లకు కాస్త తక్కువే. పదమూడు సెంట్ల పైచిలుకు సొమ్ము ఊరికే పోయినట్టే. చేను నికార్సయిన దీర్ఘచతురస్రం కానంతవరకూ ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది గనుక, మోసపోయేది ఎప్పుడూ కొనేవాడే.

శాస్త్ర, సాంకేతిక సమస్యల్లో రేఖాగణిత దృష్టి ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న మొత్తం ఈ ఒరిగిన చేనులోనే ఉంది. ఆ దృష్టి అంటే బొమ్మలు గీయడమనే చాలామంది అనుకుంటారు. బొమ్మ దానికి ఒక ఆసరా మాత్రమే. ఏ కొలత ఆకారాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, దేన్ని దూరం అనాలి, పరిస్థితి మారినా మారనిది ఏది అన్నవి ముందు తేల్చుకుని ఆ తర్వాత లెక్కకు దిగడమే అసలు విషయం. కంప్యూటర్ అన్నీ లెక్కపెట్టి ఇస్తున్న రోజుల్లో ఈ తతంగం ఎందుకని ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి నేలల్లో జరిగిన, జరుగుతున్న పనుల్నే వరసగా చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది.

చరిత్ర కూడా ఇక్కడిదే. ఇంకొల్లు దగ్గరి పావులూరు ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఆ ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన పావులూరి మల్లన తెలుగులో తొలి గణిత గ్రంథకర్త. ఆయన పదకొండో శతాబ్దివాడని ఎక్కువమంది పండితుల మాట. తొమ్మిదో శతాబ్దిలో కన్నడ దేశాన మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు చేల వైశాల్యాన్ని రెండు రకాలుగా చెప్పాడు. ఒకటి వ్యవహారానికి సరిపోయేది, రెండోది సూక్ష్మం. ఎదుటి భుజాల సగటుల్ని హెచ్చవేసేది మొదటిది. మన బేరగాళ్ల లెక్క వెయ్యేళ్లకు పైబడినదన్నమాట. తమాషా ఏమిటంటే, నాలుగు భుజాలతోనే తేల్చే సూక్ష్మ సూత్రం కూడా పైన చెప్పిన ఒరిగిన చేనుకు 4,900 అనే చెబుతుంది. ఆ సూత్రం నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్నప్పుడు మాత్రమే చెల్లుతుంది. ఈ లోపాన్ని బాహాటంగా ఎత్తిచూపినవాడు భాస్కరుడు. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాడు పిశాచమనీ, అడిగితే చెప్పేవాడు అంతకంటే పెద్ద పిశాచమనీ 1150 నాటి లీలావతిలో తిట్టిపోశాడు. పరీక్షపత్రాలు తయారుచేసేవాళ్లు ఈ తిట్టు గోడకు రాసి పెట్టుకోదగ్గది.

నాలుగు భుజాలు ఆకారాన్ని నిలబెట్టలేవు, మూడు నిలబెడతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన సర్వే అంతా ఈ ఒక్క నిజం మీదే నడిచింది. ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) తెరిచి చూడండి. చేను మూల నుంచి మూలకు ఒక గీత, దాని మీద నుంచి వంపు తిరిగిన చోటల్లా గట్టుకు లంబాలు. చేను మొత్తం త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా విడిపోతుంది. కొలిచేది 66 అడుగుల, నూరు లింకుల గొలుసు. పది చదరపు గొలుసులు ఎకరం కావడంతో ఒక చదరపు గొలుసు సరిగ్గా పది సెంట్లు. సర్వేయర్ లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక ఆధారరేఖ కొలిచి, ఆపైన కోణాలతోనే దేశమంతటా త్రిభుజాలు అల్లించడం మొదలుపెట్టింది కూడా ఈ బలంతోనే. పొలాల మీదుగా పోయే హైటెన్షన్ టవర్లలో ఎక్కడ చూసినా ఏటవాలు ఇనుప పట్టీలు కనబడేదీ అందుకే. అవి తీసేస్తే ఆ చట్రాలన్నీ మన చేనులాగే పక్కకు ఒరుగుతాయి.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో గొలుసు పోయి రోవర్లు, డ్రోన్లు వచ్చాయి. రేఖాగణితం మాత్రం పోలేదు, ఆకాశానికి ఎక్కింది. రోవర్ చూపే స్థానం ఎంత కచ్చితమన్నది యంత్రం మంచిదా కాదా అన్నదానితో పాటు, ఆ నిమిషాన ఉపగ్రహాలు ఆకాశంలో ఎలా పరుచుకుని ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. రెండు గీతలు లంబంగా ఖండించుకుంటే ఖండన బిందువు గట్టిగా నిలుస్తుంది. పది డిగ్రీల కోణంలో ఖండించుకుంటే, గీతలో వచ్చిన చిన్న దోషం బిందువు దగ్గరికి వచ్చేసరికి ఆరింతలకు దగ్గరగా సాగుతుంది. ఉపగ్రహాలన్నీ ఆకాశంలో ఒకే పక్కన గుమిగూడితే జరిగేది అదే. తాటితోపు నీడన నిలబెట్టిన రోవర్‌కూ, ఖాళీ రేగడిలో నిలబెట్టిన రోవర్‌కూ తేడా అక్కడే వస్తుంది.

కాలువల సంగతి క్లుప్తంగా చెప్పి దాటేస్తాను. ఒక నిర్ణీత వైశాల్యానికి అతి తక్కువ చుట్టుకొలత తడిసే కాలువ అడ్డుకోత ఏదని అడిగితే, ఏటవాలు గట్లున్న కాలువల్లో సగం షడ్భుజి అని గణితం చెబుతుంది. అంటే గట్టు వాలు 60 డిగ్రీలు. 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువ గానీ దాని మేజర్లు గానీ ఆ ఆకారంలో ఉండవు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నల్లరేగడి 60 డిగ్రీల్లో నిలవదు. నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నరో రెండో ఇచ్చి గట్టును పడుకోబెట్టాలి. ఇక్కడ మట్టి మాటే చెల్లింది.

విత్తే దగ్గర వ్యవసాయ శాస్త్రజ్ఞులే ‘ప్లాంట్ జామెట్రీ’ అనే మాట వాడతారు. అచ్చు తోలి, నిలువు గీతా అడ్డగీతా కలిసిన చోటల్లా పత్తి గింజ పెట్టడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. 90 సెంటీమీటర్ల చదరంలో పెడితే ఎకరానికి సుమారు 5,000 మొక్కలు. రెండు మొక్కల మధ్య కనీస దూరం అదే 90 ఉంచి చదరానికి బదులు సమబాహు త్రిభుజాల్లో పెడితే దాదాపు 5,770 పడతాయి. సమతలం మీద అంతకంటే చిక్కగా అమర్చడం సాధ్యం కాదు, ఇది నిరూపితమైన సిద్ధాంతం. అయినా రైతు చదరమే ఎంచుకున్నాడు. త్రిభుజాల అమరికలో సాళ్ల మధ్య 78 సెంటీమీటర్లే మిగులుతుంది, పైగా సాళ్లు 60 డిగ్రీల కోణాల్లో పోతాయి. గుంటక తోలేవాడికి నిలువూ అడ్డమూ కావాలి. కలుపు కూలీ లెక్కలో కలిపితే చదరమే గెలుస్తుంది. ఇప్పుడు అధిక సాంద్రత పత్తి అంటూ సాలుకు సాలు 90, మొక్కకు మొక్క 15 సెంటీమీటర్లు పెట్టిస్తున్నారు. ఎకరానికి 30,000 మొక్కలు. గుంటక ఒక్క దిక్కునే నడుస్తుంది. కొమ్మలు గుబురెక్కని రకం, కలుపుమందు, కలిసొచ్చే యంత్రం ఉంటేనే ఆ అమరిక నిలుస్తుంది.

కనీస దూరం తగ్గకుండా ఎన్ని బిందువుల్ని ఇరికించగలమన్న ఇదే ప్రశ్నను క్లాడ్ షానన్ 1949లో టెలిఫోన్ తీగకు వేశాడు. ఒక సంకేతాన్ని వందల మితులున్న అంతరాళంలో ఒక బిందువుగా చూశాడు. రొద ఆ బిందువును చుట్టూ ఒక గోళమంత మేర జరుపుతుంది. గోళాలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఎన్ని పడతాయో అన్ని సందేశాలు తప్పు లేకుండా పంపవచ్చు. మన చేతిలో ఫోన్ నడిచేది ఈ ఆలోచన మీదే. ఎనిమిది మితుల్లో అతి చిక్కని అమరిక ఏదో 2016లో నిరూపించిన మరీనా వియజోవ్‌స్కాకు 2022లో ఫీల్డ్స్ పతకం వచ్చింది.

ఇక ఈ వ్యాసానికి గుండెకాయ లాంటి భాగం, ప్రయోగ క్షేత్రాలు. గుంటూరు పక్కన లాం ఫారంలో, బాపట్ల వ్యవసాయ కళాశాలలో మిరప, పత్తి రకాల్ని పోల్చి చూడటం నిత్యకృత్యం. ఏడు మిరప రకాలున్నాయనుకోండి. నేల ఒకే తీరుగా లేదు. ఒకే సారం ఉన్న చెక్కలో మూడు రకాలకే చోటుంది. ఏ రెండు రకాల్ని పోల్చినా సమన్యాయం జరగాలంటే ప్రతి జతా ఒకే చెక్కలో ఒక్కసారి కలవాలి. గుడ్డిగా ప్రయత్నిస్తే విసుగొస్తుంది. జవాబు ఇది: 1-2-3, 1-4-5, 1-6-7, 2-4-6, 2-5-7, 3-4-7, 3-5-6. ఏడు చెక్కలు, ప్రతి రకం మూడుసార్లు, ఇరవైయొక్క జతలూ ఒక్కోసారి. సరిచూసుకోండి. ఇది పొలం పుస్తకంలో పుట్టిన అమరిక కాదు. ఏడు బిందువులు, ఏడు రేఖలు మాత్రమే ఉన్న ఒక బుల్లి రేఖాగణితం. ఏ రెండు బిందువుల గుండానైనా ఒకే రేఖ పోతుందన్న యూక్లిడ్ నాటి మాటే ఇక్కడ ‘ఏ రెండు రకాలైనా ఒకే చెక్కలో ఒకసారి’ అయింది. ఈ పరిమిత జ్యామితుల్ని క్షేత్ర ప్రయోగాలకు పెద్దయెత్తున వాడుకోవచ్చని 1930ల చివర చూపించినవాడు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఆర్.సి. బోస్.

ఆ సంస్థలోనే 1941లో చేరాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. తెలుగు కుటుంబం. 1920లో హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేశాడు. కలకత్తా సంస్థలో ఆయనకు పెద్దదిక్కు మహలనోబిస్. మహలనోబిస్ 1936లోనే ‘సాధారణీకృత దూరం’ అని ఒకటి ప్రతిపాదించి ఉన్నాడు. మన విద్యార్థులు డి-స్క్వేర్ అని పిలిచేది దాన్నే.

దీన్ని మిరప కాయతోనే చూద్దాం. రెండు గుణాలు: కాయ పొడవు, కాయ బరువు. రెండింటినీ వాటి వాటి ప్రామాణిక విచలనాల్లో కొలుస్తున్నాం. పొడవు కాయ సాధారణంగా బరువూ ఉంటుంది కదా, ఆ సహసంబంధం 0.8 అనుకుందాం. మొదటి జతలో ఒక రకం రెండోదానికంటే ఒక పాలు పొడుగు, ఒక పాలు బరువు. రెండో జతలో ఒక పాలు పొడుగు, కానీ ఒక పాలు తేలిక. కాగితం మీద స్కేలు పెడితే రెండు జతల దూరమూ ఒకటే, 1.41. డి-స్క్వేర్ లెక్కలో మొదటి జతకు 1.11, రెండో జతకు 10. తొమ్మిదింతలు! పొడుగుతో పాటు బరువు పెరగడం మామూలే, అందులో కొత్త సమాచారం తక్కువ. పొడుగై తేలికపడిందంటే ఆ రకం గింజలోనో తోలులోనో ఏదో వేరుగా ఉంది. మామూలు స్కేలు ఈ సంగతి చూడలేదు. మహలనోబిస్ దూరంలో ‘సమాన దూరాన ఉన్న బిందువులు’ వృత్తం మీద కాక, కోలగా సాగిన దీర్ఘవృత్తం మీద ఉంటాయి. ఆ సాగుడు ఎటు, ఎంత అన్నది పంటే చెబుతుంది.

రావు 1952 నాటి పుస్తకంలో ఈ దూరంతో రకాల్ని గుంపులుగా విడదీసే టోచర్ పద్ధతిని వివరించాడు. మన దేశంలో మొక్కల ప్రజననంలో దాన్ని వాడినంతగా ఇంకే బహుచర పద్ధతినీ వాడి ఉండరు. పత్తి, మిరప, మినుము, ఏ పంట మీద థీసిస్ తీసినా డి-స్క్వేర్ పట్టిక ఉంటుంది. ఒకే ప్రాంతంలో సేకరించిన రకాలు వేర్వేరు గుంపుల్లో పడటం, దూరాల ఊళ్లవి ఒకే గుంపులో చేరడం ఆ పట్టికల్లో తరచూ కనబడేదే. ఊరి పేరును బట్టి వైవిధ్యం అంచనా వేయకూడదని ఈ పద్ధతి నేర్పిన పాఠం చిన్నది కాదు.

రావు అంతకంటే పెద్ద అడుగు 1945లో వేశాడు. కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆ వ్యాసంలో ప్రపంచమంతా ఎరిగిన క్రామర్-రావు హద్దు ఉంది, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతానికి మూలం ఉంది. మూడోది చాలాకాలం పట్టించుకోనిది. రెండు సంభావ్యతా విభజనల మధ్య దూరాన్ని ఆయన వక్రతలం మీద దూరంగా నిర్వచించాడు. పొరుగున ఉన్న రెండు అవకాశాల్ని మన దత్తాంశం ఎంత తేలిగ్గా విడదీసి చెప్పగలదో అదే వాటి మధ్య దూరం. తర్వాత జపాన్‌లో షునిచి అమారి వంటివారు దీన్ని సమాచార జ్యామితి అనే శాఖగా పెంచారు. 1998లో అమారి ప్రతిపాదించిన సహజ ప్రవణత పద్ధతి ఇదే దూరాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌ల శిక్షణలోకి తెచ్చింది.

ఇదంతా పైలోకాల గణితం అనుకునేవారికి విత్తనాల మొలక శాతం చూపిస్తాను. ఒక పత్తి విత్తనాల లాట్ 50 శాతం మొలిచింది, ఇంకోటి 55. మరో జతలో ఒకటి 94, ఇంకోటి 99. తేడా రెండు చోట్లా ఐదే. రావు దూరంలో మొదటి జత తేడా 0.10, రెండో జతది 0.29. మూడింతలకు దగ్గర. 50 దగ్గర ఐదు శాతం అటూ ఇటూ ఊగడం సహజం. 99 దగ్గర ఊగడానికి చోటే లేదు, అందుకని అక్కడి ఐదు శాతానికి విలువ ఎక్కువ. ఈ దూరం ఒక పావు వృత్తం మీద చాపం పొడవు. శాతం వర్గమూలానికి విలోమ సైను తీస్తే వచ్చే కోణమే ఆ చాపంపై స్థానం. వ్యవసాయ కళాశాలలో చదివినవారికి ఈపాటికి వెలిగి ఉంటుంది. పురుగు ఆశించిన శాతం, మొలక శాతం విశ్లేషించే ముందు పట్టికలో చూసి చేసే ఆర్క్‌సైన్ మార్పిడి ఇదే. ‘విచరణ స్థిరపడటానికి’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేసే ఆ మార్పిడి వెనక పావు వృత్తం ఉందని చెప్పడానికి పాఠంలో ఐదు నిమిషాలు చాలు.

కోణం సాయం ఉపగ్రహ చిత్రాల్లోనూ ఉంది. పైరు పచ్చదనానికి వాడే ఎన్‌డీవీఐ సూచిక, ఎర్ర కాంతి ఒక అక్షం, పరారుణ కాంతి ఇంకో అక్షంగా గీసిన తలంలో ఒక కోణం మాత్రమే. సరిగ్గా చెప్పాలంటే ఆ కోణం నుంచి 45 డిగ్రీలు తీసేసిన దాని టాంజెంట్. ఎర్ర 0.05, పరారుణం 0.45 ప్రతిఫలించే ఆరోగ్యమైన చేనుకు 0.8. వెలుతురు సగానికి పడిపోతే రెండు అంకెలూ సగమవుతాయి, బిందువు మూలం వైపు జరుగుతుంది, కోణం కదలదు. కాకపోతే చేను చిన్నగా ఉన్నప్పుడు మొక్కల సందుల్లోంచి నల్లరేగడి కనబడి కోణాన్ని వంచుతుంది. 1988లో హ్యూట్ దీనికి చేసిన సవరణ, మూలబిందువునే కాస్త పక్కకు జరపడం. అంతా సరిచేసినా కోణం చెప్పేది పైరు నీరసించిందని మాత్రమే. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడింది పూల మీద. పూత పోయిందా, నీళ్లు చాలలేదా అన్నది తోటలోకి దిగి పువ్వు విదిల్చి చూసినవాడికే తెలుస్తుంది.

ఈ దృష్టికి ప్రమాదాలూ ఉన్నాయి. రెండు, మూడు మితుల్లో పెరిగిన మన ఊహ పది మితుల్లో తడబడుతుంది. చతురస్రంలో ఇమిడే వృత్తం 78.5 శాతం చోటు ఆక్రమిస్తుంది, ఘనంలో గోళం 52.4 శాతం. పది మితుల్లో అదే గోళం ఆక్రమించేది పావు శాతం. మిగతాదంతా మూలలే. పది గుణాలు కొలిచి ‘అన్నింటా సగటు రకం’ కోసం వెతికేవాడికి అది దొరకదు. ఒక్కో గుణంలో నూటికి ఎనభై మామూలివే అనుకున్నా, గుణాలు స్వతంత్రమైతే అన్నింటా మామూలుగా ఉండేవి నూటికి పదకొండు లోపే. రకాల సంఖ్య, పునరావృత్తులు తక్కువగా ఉండి గుణాల్ని పదిహేను, ఇరవైకి పెంచితే డి-స్క్వేర్‌లోని దీర్ఘవృత్తం ఆకారమే నమ్మలేనిదవుతుంది. దశాంశ స్థానాలు ఎన్ని వేసినా ఆ లోపం పోదు. ఇక దూరపు తల్లిదండ్రుల్ని కలిపితే మంచి హైబ్రిడ్ తప్పక వస్తుందన్నది జ్యామితి ఎన్నడూ ఇవ్వని హామీ. దాన్ని జ్యామితి నోట పెట్టింది మనమే.

నా ఫిర్యాదు ఇక్కడే. మన థీసిస్‌లలో సాఫ్ట్‌వేర్ అచ్చేసిన గుంపుల పట్టిక ఉంటుంది, ఆ గుంపుల్ని ఏ స్కేలుతో విడదీశారో ఒక్క బొమ్మ ఉండదు. ఆ బొమ్మ లేని పట్టిక కర్ణం కొలవని చేనులాంటిదే. మార్గదర్శకులకు ఒక విన్నపం. డి-స్క్వేర్ అధ్యాయానికి ముందు, బాగా ముడిపడిన రెండు గుణాల బిందుపటం ఒకటి, దాని మీద దీర్ఘవృత్తం ఒకటి విద్యార్థి చేత చేత్తో గీయించండి. ఏ జత రకాల దూరం స్కేలు లెక్కలో ఎంత, డి-స్క్వేర్‌లో ఎంత అని వైవాలో అడగండి. రావుకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో వచ్చింది, ఆయనకు నూట రెండేళ్లప్పుడు. అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశాడు. బహుమతి తెచ్చిన ఆ 1945 వ్యాసం నిడివి పదకొండు పేజీలు. డిగ్రీలో లెక్కలు చదివినవారు మొదటి భాగమైనా నింపాదిగా చదవగలరు. సరిగ్గా ఆ 1945లోనే మొదలైన బాపట్ల కళాశాలలో తొలి సంవత్సరం పీజీ విద్యార్థులకు దాన్ని పాఠంగా పెట్టవచ్చు.